బోర్డులు మూడు, తీగ ఒక్కటే: గోదావరి డెల్టాలో ఇంటి ఇంటర్నెట్ ఎంచుకోవడం ఎలా

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఏ ఊరి సెంటర్లో నిలబడినా ఇంటర్నెట్ బోర్డులకు కరువుండదు. స్తంభానికొకటి, కిళ్లీకొట్టు గోడకొకటి. తీరా కనెక్షన్ కావాలని ఫోన్ చేస్తే చాలాచోట్ల వచ్చేది ఒకే మనిషి, ఆ వీధికి కేబుల్ టీవీ ఇచ్చే ఆపరేటర్. ఏ కంపెనీ పేరు చెప్పినా తీగ లాగేది ఆయనే, తెగితే స్తంభం ఎక్కేదీ ఆయన కుర్రాడే. అందుకే డెల్టా పల్లెల్లో కంపెనీల పేర్లు పక్కపక్కన పెట్టి రేట్లు పోల్చుకుంటే ఫలితం తక్కువ. మీ ఇంటికి నిజంగా ఎన్ని వేర్వేరు దారుల్లో నెట్ రాగలదో ముందు లెక్కపెట్టుకోవాలి.

పోటీ ఎందుకు లేదంటే కారణాలు మన నేల మీదే కనిపిస్తాయి. ఇళ్లు వరసగా ఉండవు. కొబ్బరితోటలో ఒకటి, పంటబోదె దాటాక మరొకటి. కిలోమీటరు తీగ లాగితే దొరికే ఇళ్లు తక్కువ. స్తంభాలు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌వి, వాటి మీద తీగ వేయాలంటే అనుమతి కావాలి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు దాటడానికి జొన్నాడ, సిద్ధాంతం, చించినాడ, ఎదుర్లంక లాంటి కొద్ది వంతెనలే ఉన్నాయి. ఇంత ఖర్చు పెట్టి వచ్చి ఉన్న కొద్దిమంది ఖాతాదారులను పంచుకునే బదులు, ఉన్న ఆపరేటర్‌తోనే ఒప్పందం చేసుకోవడం రెండో కంపెనీకి సులువు. దానికి తోడు కేబుల్ టీవీ రోజుల నుంచీ నడుస్తున్న "అది వాళ్ల ఏరియా అండి" అనే మాట ఉండనే ఉంది.

## దారులు లెక్కపెట్టే పద్ధతి

ప్రతి కంపెనీ మనిషినీ ఇవే మూడు ప్రశ్నలు అడగండి.

1. మా ఇంటికి వచ్చే ఫైబర్ తీగ ఎవరిది?
2. మా లైను వెళ్లి కలిసే ఓఎల్‌టీ (వీధి ఫైబర్ లైన్లన్నిటికీ నెట్ అందించే పెట్టె) ఏ ఊళ్లో, ఎవరి ఆఫీసులో ఉంది?
3. తీగ తెగితే అతికే మిషన్ తీసుకుని వచ్చేది ఎవరు?

రెండు కంపెనీలకు మూడు జవాబులూ ఒకటే అయితే అవి రెండు కావు, ఒక్కటే. అప్పుడు వాటి మధ్య తేడా రేటు, డేటా పరిమితి, టీవీ ఛానళ్లు, అంతే. ఒకటి పోయినప్పుడు రెండోదీ పోతుంది కాబట్టి, ఒకదానికి మరొకటి తోడుగా ఉంటుందని రెండూ పెట్టించుకోవడం డబ్బు దండగ.

## వేటిని చూసి తూచాలి

రిపేరు. మొదట చూడాల్సింది ఇదే. వంద ఎంబీపీఎస్ వచ్చి నెలకు నాలుగు రోజులు పోయే లైను కన్నా, ముప్ఫై వచ్చి సాయంత్రానికల్లా బాగయ్యే లైను మేలు. మీ వీధిలోనే మూడిళ్లలో అడగండి: ఈమధ్య ఎప్పుడు పోయింది, ఎన్నాళ్లకు వచ్చింది?

రాత్రి వేగం. ఫైబర్ లైను తనంతట తాను ఇరుకు కాదు. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే మామూలు జీపాన్ లైనులో 2.5 జీబీపీఎస్ దాకా దిగుతుంది, దాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. ఇరుకు వచ్చేది ఆపరేటర్ పైనుంచి కొనే సామర్థ్యం దగ్గర. అందుకని రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య పక్కింట్లో చూడండి. యూట్యూబ్ పెట్టి చూస్తే సరిపోదు. పెద్ద సైట్ల వీడియోలు సర్వీసు కంపెనీ దగ్గరే నిల్వ ఉంటాయి కాబట్టి అవి ఎప్పుడూ బాగానే ఆడతాయి. కువైట్‌కు వీడియో కాల్ చేసి చూడండి, అసలు సంగతి అక్కడ తేలుతుంది.

అప్‌లోడ్. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, కెమెరాలు పెట్టుకునేవాళ్లకు ఎక్కే వేగమే ముఖ్యం. ప్లాన్ కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండేది దిగే వేగం.

మొత్తం ఖర్చు. చెప్పే రేటు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 399 ప్లాన్ అంటే చేతిలోంచి పోయేది 470 రూపాయల 82 పైసలు, 599 అంటే 706 రూపాయల 82 పైసలు. బిగింపు ఖర్చు, బాక్సు డిపాజిట్, ఉచితంగా ఇచ్చే తీగ దాటితే మీటరుకు ఎంత, ఇవన్నీ విడిగా అడగాలి. తోటలో ఇల్లయితే ఆ మీటర్ల లెక్కే పెద్దదవుతుంది.

కరెంటు పోతే. ఇంటికీ ఓఎల్‌టీకీ మధ్య కరెంటుతో నడిచే పెట్టె ఏదైనా ఉందా? జీపాన్ లైనులో మధ్యన లైనును ఇళ్లకు విడదీసే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. పాత పద్ధతిలో స్తంభానికి స్విచ్ పెట్టె కట్టి అక్కడి నుంచి లాన్ తీగ లాగిన చోట్ల, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఆ వీధిలో కరెంటు పోతే నెట్ పోతుంది.

వదిలించుకోవడం. మొబైల్ నంబరులా బ్రాడ్‌బ్యాండ్‌కు పోర్టింగ్ లేదు. మారాలంటే కొత్త తీగ, కొత్త బాక్సు. మీరు డబ్బిచ్చి కొన్న బాక్సు కూడా వేరే ఆపరేటర్ ఓఎల్‌టీతో పనిచేయకపోవచ్చు. ఏడాదికి ముందే కట్టేస్తే మీ చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ పోయినట్టే.

## ఒక్క చూపులో

| దారి | చివరి తీగ ఎవరి చేతిలో | మంచి | చెడు |
|---|---|---|---|
| ఏపీ ఫైబర్‌నెట్ | కేబుల్ ఆపరేటర్ | టీవీ, నెట్ ఒకే బిల్లు, పల్లెలకూ ఉంది | ఆపరేటర్ ఎంత మంచివాడో సర్వీసూ అంతే |
| బీఎస్ఎన్ఎల్ ఫైబర్ | ఎక్కువగా స్థానిక భాగస్వామి | ల్యాండ్‌లైన్, విడి దారి అయ్యే అవకాశం | భాగస్వామి లేని వీధికి రాదు |
| జియో, ఎయిర్‌టెల్ ఫైబర్ | కంపెనీ లేదా దాని కాంట్రాక్టర్ | వేగం నిలకడ | పట్నాలు దాటితే అరుదు |
| స్థానిక కేబుల్ నెట్ | ఆపరేటర్ | మనిషి అందుబాటులో ఉంటాడు | రాత్రి ఇరుకు, బిల్లుల్లో గందరగోళం |
| ఎయిర్‌ఫైబర్ | తీగ లేదు, టవర్ | తీగ తెగే బాధ లేదు, నిజంగా వేరే దారి | చెట్లు, డేటా పరిమితి, పండగ రద్దీ |
| సిమ్ రౌటర్ | తీగ లేదు, టవర్ | ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు | నమ్మకం తక్కువ |

## ఆపరేటర్ చేతి ఫైబర్: ఫైబర్‌నెట్, బీఎస్ఎన్ఎల్, స్థానిక నెట్

రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌కూ మన డెల్టాకూ పాత బంధమే. 2016 చివర్లో సఖినేటిపల్లి మండలం మోరిలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి చూపించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రాజెక్టును ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అని అప్పట్లో మోగిపోయింది. తీగలు భూమిలో కాకుండా కరెంటు స్తంభాల మీదుగా వేశారు. అందుకే అంత చవగ్గా, అంత త్వరగా పల్లెలకు చేరింది. గాలివానకు కొబ్బరిచెట్టు విరిగి స్తంభం మీద పడితే కరెంటుతో పాటు నెట్ పోయేదీ అందుకే. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను ఎలా పడగొట్టిందో గుర్తున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. స్తంభాల మీద తీగ ఏ కంపెనీదైనా గండం ఒకటే.

టీవీ ప్రధానం, నెట్ పిల్లల చదువుకూ ఫోన్లకూ అనుకునే ఇంటికి ఫైబర్‌నెట్ సరిపోతుంది. ఒక చిక్కు చెప్పుకోవాలి: టీవీ కూడా ఆ లైను మీదే వస్తుంది. లైను పోతే రెండూ పోతాయి.

బీఎస్ఎన్ఎల్‌ది కాస్త వేరు కథ. ఎక్స్ఛేంజీలు, వాటి మధ్య లైన్లు సంస్థవే. ఇంటిదాకా తీగ మాత్రం చాలాచోట్ల ఆదాయంలో వాటా తీసుకునే స్థానిక భాగస్వామిది. ఆ భాగస్వామి మీ కేబుల్ ఆపరేటరే అయితే చివరి తీగ ఒకటే అయినా పైదారి వేరవుతుంది. వేరే మనిషి అయితే మీ వీధికి నిజంగా రెండో దారి వచ్చినట్టే. ఇక్కడ కొద్దిగా శ్రమపడి కనుక్కోండి. పల్లెల్లో రెండో ఫైబర్ దారి దొరికే అవకాశం ఎక్కువగా ఇక్కడే. ఏళ్లుగా అందరి దగ్గరా ఉన్న పాత ల్యాండ్‌లైన్ నంబరు అలాగే ఉంచుకోవాలనుకునే పెద్దవాళ్లకు ఇదే తోవ.

ఇక స్థానిక నెట్. చిన్నచూపు చూడాల్సిన పని లేదు. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే "రేపొద్దున్నే వచ్చేత్తామండి" అని నిజంగానే వచ్చే ఆపరేటర్, కస్టమర్ కేర్ పాట వినిపించే పెద్ద కంపెనీ కన్నా నయం. కానీ ఒకటి తప్పకుండా చూడండి. రసీదు మీద లైసెన్సున్న ఇంటర్నెట్ కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు, మీ పేరు మీద యూజర్ ఐడీ ఉన్నాయా? తెల్లకాగితం మీద రాసిచ్చే రసీదైతే, రేపు ఫిర్యాదు చేయడానికి అవతల ఎవరూ ఉండరు.

### లైను బాగుందో లేదో బాక్సే చెబుతుంది

ఇంట్లో పెట్టే బాక్సు మీద పాన్ అనే దీపం నిలకడగా పచ్చగా వెలగాలి. ఎల్‌వోఎస్ దీపం ఎర్రగా మెరిస్తే వెలుతురు అందడం లేదని, అంటే తీగ తెగిందనో కనెక్టర్ ఊడిందనో లెక్క. అప్పుడు రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. పాన్ పచ్చగా ఉండి నెట్ రాకపోతే లోపం పైన ఉంది: బిల్లు, లాగిన్, లేదా ఆపరేటర్ ఆఫీసు.

బిగించిన రోజే పవర్ మీటర్‌తో వెలుతురు ఎంత వస్తోందో చూపించమనండి. బాక్సు సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ అనే చోటా ఉంటుంది. డీబీఎం అనేది బలం కొలత, మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు. మైనస్ 18 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దగ్గర ఉంటే అది అంచున నడుస్తున్న లైను. ఎండలో పనిచేసి, జాయింటు పెట్టెలో నాలుగు చినుకులు పడగానే పోతుంది. మైనస్ 8 కన్నా బలంగా వచ్చినా బాక్సు తట్టుకోలేదు. ఎనిమిది ఇళ్ల స్ప్లిటర్ ఒక్కటే సుమారు 10 డీబీ మింగుతుంది, 32 ఇళ్లది 17 దాకా. అడ్డదిడ్డంగా స్ప్లిటర్ మీద స్ప్లిటర్ కట్టుకుంటూ పోయిన వీధిచివర ఇళ్లకు అందుకే వెలుతురు చాలదు.

డెల్టాలో తీగ పాడయ్యే తీరులూ వేరు. కొబ్బరి దింపు తీసేటప్పుడు గెల పడి తెగుతుంది. ఎండుమట్ట తీగ మీద వేలాడి లాగుతుంది. ఉడతలు కొరుకుతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి తీగకు దన్నుగా ఉండే ఉక్కుపోగు తుప్పుపట్టి సాగుతుంది. తోటలోంచి తీగ తెచ్చుకునేవాళ్లు చెట్టుకు మేకు కొట్టి కట్టనివ్వకండి. చెట్టు ఊగినప్పుడల్లా తీగ లాగుతుంది. గట్టు వెంట విడిగా గుంజలు పాతించి, ఇంటి దగ్గర అయిదారు మీటర్ల తీగ చుట్ట అదనంగా ఉంచమనండి. తెగినప్పుడు ఆ చుట్టే అక్కరకొస్తుంది. కిటికీ మూలల్లో టీ గ్లాసు చుట్టు కన్నా బిగువుగా మడవనివ్వద్దు.

వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని ఫోన్లో నలభై కూడా రావడం లేదని ఆపరేటర్‌తో గొడవపడేవాళ్లు ముందు వైఫై చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న చవక బాక్సు నుంచి అంతకన్నా ఆశించలేం. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న బాక్సు అడగండి, లాన్ తీగ పెట్టి కొలిచాకే మాట్లాడండి.

## ఎయిర్‌ఫైబర్: నిజంగా వేరే దారి, కానీ కొబ్బరాకు అడ్డం

తీగ రాని ఇంటికి, తీగవాడితో విసిగిన ఇంటికి ఇప్పుడున్న అసలైన ప్రత్యామ్నాయం ఇదే. జియో 2023 సెప్టెంబరు 19న ఎయిర్‌ఫైబర్ మొదలుపెట్టినప్పుడు 599కి 30 ఎంబీపీఎస్, 899కి వంద, పైన జీఎస్టీ అని ప్రకటించింది. నెలకు 1000 జీబీ దాటితే వేగం తగ్గిపోతుంది. అదే కంపెనీ తీగ ఫైబర్‌లో ఆ హద్దు 3300 జీబీ. రేట్లు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు చూసుకోవాలి, కానీ ఆ డేటా తేడాను మాత్రం గుర్తుపెట్టుకోండి.

డాబా మీద పెట్టే యూనిట్‌కు టవర్ వైపు చూపు తెరిపిగా ఉండాలి. 5జీ తరంగాలకు కొబ్బరాకు గట్టి అడ్డు, తడిసిన ఆకు మరీ అడ్డు. వేసవిలో బిగించినప్పుడు బాగుండి శ్రావణంలో మందగించడానికి కారణం అదే. పెంకుటిల్లు చుట్టూ తోట ఉంటే ఆకుల మీదికి వచ్చేలా ఇనుప గొట్టం నిలబెట్టాల్సి వస్తుంది. గోడకు చిల్లు కొట్టకముందే యూనిట్‌ను చేత్తో ఎత్తి పట్టుకుని సిగ్నల్ చూపించమని అడగండి. ఆర్‌ఎస్ఆర్‌పీ (సిగ్నల్ బలం చూపే అంకె) మైనస్ 90 కన్నా మెరుగ్గా ఉంటే పెట్టించుకోవచ్చు. మైనస్ 105 దాటి పడిపోతుంటే వద్దనండి, మొహమాటం వద్దు.

ఇంకో మూడు సంగతులు. బయటి యూనిట్‌కు కరెంటు లాన్ తీగలోనే వెళ్తుంది, 12 వోల్టుల చిన్న యూపీఎస్ దానికి చాలదు, ఇంటి ఇన్వర్టర్‌కే కలపాలి. పిడుగుల వానలో ప్లగ్గు పీకేయాలి, ఎందుకంటే డాబా మీద నుంచి ఇంట్లోకి వచ్చేది రాగి తీగ. భోగి నుంచి కనుమ దాకా హైదరాబాదు, బెంగళూరు జనం అంతా ఊళ్లో దిగి అదే టవర్ మీద వీడియోలు పంపుతుంటారు. ఆ మూడు రోజులూ ఆఫీసు మీటింగు పెట్టుకునేవాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

పట్నాల్లో సంగతి తేలిక. భీమవరం, తణుకు, అమలాపురం, పాలకొల్లు లాంటి చోట్ల మీ వీధికి జియో, ఎయిర్‌టెల్ తీగ ఫైబర్ ఉంటే, ఓఎల్‌టీ వాళ్లదే అయితే, అది తీసుకోండి. ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. శాటిలైట్ నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు వచ్చిందని విని కనెక్షన్ వాయిదా వేసుకునేవాళ్లున్నారు. వీధిలో తీగ ఉన్న ఇంటికి దానికోసం ఆగడం దేనికి?

## ఎవరికి ఏది

ఇంటి నుంచి ఉద్యోగం. రెండు దారులు తప్పనిసరి, ఒకటి తీగ, ఒకటి టవర్. రెండూ తీగవే అయితే పై మూడు ప్రశ్నలతో వేరని తేల్చుకున్నాకే. ఖర్చు తగ్గించుకోవాలంటే రెండోది ఎయిర్‌ఫైబర్ బదులు వేరే కంపెనీ సిమ్‌తో ఫోన్ హాట్‌స్పాట్ చాలు. టవరే సర్వస్వం అనుకోకూడదు కూడా. 2022 మేలో కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి నిలిపేసినప్పుడు హాట్‌స్పాట్‌నే నమ్ముకున్నవాళ్లకు దారి లేకపోయింది. ఫైబర్ బాక్సుకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. 8800 ఎంఏహెచ్‌ది బాక్సును సుమారు రెండున్నర గంటలు నడుపుతుంది. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి.

పిల్లలు విదేశాల్లో, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరే. పిలిస్తే పలికే ఆపరేటర్ ఉన్న ఏ ఫైబరైనా సరే, 30 ఎంబీపీఎస్ ఎక్కువే. ఏడాది ఒకేసారి కట్టడం వీళ్లకు సౌకర్యం, ఆపరేటర్‌కు బద్ధకం. మూడు నెలల ప్లాన్ మధ్యేమార్గం. దూరం నుంచి కెమెరా చూడాలంటే యాప్ ద్వారా పనిచేసే రకం కొనండి. చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని (నెట్‌లో ఇంటి చిరునామా లాంటి నంబరు) ఎందరికో పంచుతారు, పోర్టు తెరిచి చూసే పాత పద్ధతి అక్కడ పనిచేయదు.

రొయ్యలు, చేపల చెరువుల దగ్గర. గట్టు మీది షెడ్డుకు తీగ లాగించడం దండగ, జేసీబీ గట్టు కొట్టినప్పుడల్లా పోతుంది. సిమ్ రౌటర్ లేదా ఎయిర్‌ఫైబర్ మేలు. చుట్టూ చెట్లుండవు కాబట్టి సిగ్నల్ బాగుంటుంది. కెమెరా లెక్క చూసుకోండి: ఒక కెమెరా ఆగకుండా 1 ఎంబీపీఎస్ పంపితే రోజుకు 10.8 జీబీ, నెలకు 324 జీబీ. మూడు కెమెరాలు ఎయిర్‌ఫైబర్ 1000 జీబీని దాదాపుగా మింగేస్తాయి. రికార్డింగు మెమరీ కార్డులోనే పెట్టి, చూసినప్పుడే పంపేలా పెట్టుకోవాలి.

లంక గ్రామాలు. వరదకాలంలో కరెంటు ముందుగా తీసేస్తారు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75. మొదటి హెచ్చరికకే యూపీఎస్‌లు, పవర్ బ్యాంకులు నింపుకోవాలి. ఇక్కడ ఖరీదైన ప్లాన్ కన్నా రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఎక్కువ పనికొస్తాయి.

అద్దె గది, చదువుకునే పిల్లలు. నెలనెలా కట్టే ప్లాన్, బాక్సు వాళ్లదే అయినది. బాక్సు కొనకండి.

## ఒక్కటే దిక్కయిన వీధిలో

ఆపరేటర్ ఒక్కడే అయినచోట ఒంటరిగా అడిగితే విలువ ఉండదు. ఎనిమిది ఇళ్లు కలవండి. ఎనిమిదే ఎందుకంటే స్ప్లిటర్ పెట్టెలో మామూలుగా ఉండే పోర్టులు ఎనిమిది. ఒక్క పెట్టె మొదటి రోజే నిండుతుందంటే కొత్తగా తీగ లాగడానికి పక్క ఊరి బీఎస్ఎన్ఎల్ భాగస్వామికో మరొకరికో లెక్క కుదురుతుంది. పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం సంగతి పాత ఆపరేటర్ చెవిన పడితే చాలు, సర్వీసులో మార్పు రావడం చాలాచోట్ల మామూలే.

లైను పోయినప్పుడు కుర్రాడికి ఫోన్ చేయడంతో ఆగకండి. కంపెనీ నంబరుకో యాప్‌లోనో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోవాలి. అది లేనిదే మీ లైను పోయినట్టు రికార్డులో ఉండదు, పోయిన రోజులకు అద్దె తగ్గించమని అడగలేరు. తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేయొచ్చు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ఆపైన టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల పోర్టల్, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు రాస్తే విడి ఫిర్యాదులు వాళ్లు చూడరు, మళ్లీ కంపెనీకే పంపుతారు.

కొత్త కనెక్షన్ పెట్టించినా పాతది ఆ రోజే తీయించకండి. ఒక గాలివాన, ఒక ఆదివారం రాత్రి, ఒక పూట కరెంటు కోత గడిచాక కొత్తది నిలబడిందనిపిస్తే, డిపాజిట్ రసీదు చేతపట్టుకుని వెళ్లి పాత బాక్సు తిరిగిచ్చి, ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోండి.